ఫ్రూట్ బీరుకు వైద్యం

ఆ రోజుల్లో మా సామర్లకోటలో డిగ్రీ పూర్తయిన ప్రతి కుర్రాడికీ ఏదో ఒక ఏజెన్సీ ఉండేది. ఉద్యోగం దొరికేదాకా ఊరికే తిని కూర్చున్నాడని ఎవరూ అనకుండా కాపాడేది అదే. ఒకడు వాటర్ ఫిల్టర్ల సంచీ భుజాన వేసుకుని వీధులన్నీ తిరిగేవాడు. ఇంకొకడు ఎస్టీడీ బూత్ తెరిచి, ఫోన్ చేసేవాళ్ళు లేక అందులోనే కూర్చుని వారపత్రికలు చదివేవాడు. "అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అని ఎవరైనా అడిగితే, "ఏజెన్సీ అండీ" అని ఇంట్లోవాళ్ళు తలెత్తుకుని చెప్పేవారు. జేబులో ఏమున్నా లేకపోయినా విజిటింగ్ కార్డు మాత్రం తప్పకుండా ఉండేది. నా కార్డు మీద పేరు కింద 'ప్రొప్రయిటర్' అని ఉండేది. దేనికి ప్రొప్రయిటర్నో కార్డు అచ్చయిన నెల తర్వాత గాని తేలలేదు. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నా ధైర్యానికి నాకే ముచ్చటేస్తుంది.

చివరికి అది ఫ్రూట్ బీరని తేలింది. ఫ్రూట్ బీరంటే ఏంటో ఇప్పటి పిల్లలకు చెప్పక తప్పదు. పేరులో బీరు ఉందే గాని అందులో మత్తు చుక్కయినా ఉండదు. ఆపిల్ రుచో పైనాపిల్ రుచో కలిపిన తియ్యటి రంగునీళ్ళు, అంతే. స్టీలు డ్రమ్ముల్లో వచ్చేది. డ్రమ్ములకు తగిలించే మిషను ఒకటి, మిషనుకు ఒక గ్యాసు సిలిండరు. కుళాయి తిప్పితే బుసబుసమని నురగతో గ్లాసులోకి దిగేది. రాజమండ్రిలో ఎవరిదో పెళ్ళిలో మొదటిసారి చూసి మనసు పారేసుకున్నాను (ఆ రోజు పెళ్ళికూతుర్ని చూసిన గుర్తు లేదు గాని, కుళాయి ముందు ఐదుసార్లు నిలబడ్డ గుర్తుంది). ఆ ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతరలో ఫ్రూట్ బీరు స్టాలు పెడుతున్నానని ఇంట్లో ప్రకటించాను.

మా నాన్న బడిపంతులు. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, క్లాసులో పిల్లవాణ్ణి లేపి నిలబెట్టినట్టు నన్ను ఎదురుగా నిలబెట్టారు. "పెట్టు. నేను కాదనను. ఎన్ని డ్రమ్ములు?" అన్నారు. నాలుగన్నాను. "ఆ నాలుగూ ఖాళీ చేసి చూపించు, నీ ఏజెన్సీ జోలికి నేను రాను. ఒక్క డ్రమ్ములో అడుగున మిగిలినా సరే, మర్నాడు పొద్దున్నే మీ మావయ్య కొట్లో కూర్చోవాలి. ఏంటి?" అన్నారు. "సరే నాన్నా" అన్నాను. అమ్మ తమ్ముడైన మావయ్యది ఎరువులు, పురుగుమందుల కొట్టు. ఆ కొట్లో అడుగుపెడితే ముక్కు మొరాయించేది. మావయ్య చొక్కాదీ అదే వాసన, మావయ్య కూర్చునే కుర్చీదీ అదే వాసన, పండక్కి ఆయన తెచ్చే స్వీటు పెట్టె కూడా కాసేపు ఆరుబయట పెట్టి తినాల్సిందే. పైగా నాట్ల కాలం కావడంతో ఆయన మనిషి కోసం చూస్తున్నారు. నా జీవితం ఆ యూరియా బస్తాల మధ్య తెల్లారకుండా ఉండాలంటే సోమవారం సాయంత్రం మిషను తిరిగి అప్పజెప్పేలోగా నాలుగు డ్రమ్ములూ ఖాళీ కావాలి.

శుక్రవారం స్టాలు తెరిచాను. తెరిచిన గంటకి వాన మొదలైంది. జాతరకొచ్చిన జనం చేతులు ముడుచుకుని వేడివేడి మిరపకాయ బజ్జీల చుట్టూ మూగారు. నా కుళాయి వైపు చూసి చలేసినట్టు భుజాలు ముడుచుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మొత్తం మీద ఆరు గ్లాసులు పోయాయి, అందులో రెండు నేనే తాగాను. సాయంత్రం పరదా దించి ఇంటికి వచ్చేటప్పుడు చెయ్యకూడని పని ఒకటి చేశాను. సిలిండరు మూత బిగిస్తే లోపల గ్యాసు గడ్డకడుతుందని ఎవరో చెప్పిన గుర్తు (ఎవరో కాదు, నేనే అనుకున్నాను). అందుకని కొంచెం వదులుగా వదిలేశాను. శనివారం పొద్దున్న వెళ్ళి కుళాయి తిప్పితే అది ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది. సిలిండరు ఖాళీ. డ్రమ్ము మూత తీసి మగ్గుతో ముంచి తాగి చూశాను. చప్పరించి వదిలేసిన పిప్పరమెంటు బిళ్ళని నీళ్ళలో నానబెట్టినట్టుంది. రాజమండ్రి డీలరుకి ఫోన్ చేస్తే, "బుధవారం పంపుతామండీ" అన్నాడు ఎంతో మర్యాదగా.

దాదాపు నిండుగా మిగిలిన నాలుగు డ్రమ్ముల్ని అక్కడే వదిలేసి మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. మా ఎదురింటి అరుగు మీద కాంపౌండరు బాబాయి కూర్చుని ఉన్నారు. సొంత బాబాయి కాదు, వీధికంతటికీ బాబాయే. ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్ళు మందులు కలిపి రిటైరయ్యారు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, జేబులో పెన్ను, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. ఎవరు కనబడినా "బాగున్నారా?" అని కాక "ఏంటి బాధ?" అని పలకరించడం ఆయన అలవాటు. కొత్తవాళ్ళు కంగారు పడేవారు గాని, మాకందరికీ అలవాటే. నా చిన్నప్పుడు ఆయన కలిపే తియ్యటి ఎర్రమందు కోసం లేని కడుపునొప్పి తెచ్చుకుని ఆసుపత్రికి పరిగెత్తిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. ఆయన నా మొహం కాసేపు చూసి, అర ఔన్సు పోసి, "ఇది నొప్పికి కాదురా, అబద్ధానికి" అనేవారు. అయినా పోసేవారు.

"ఏరా అబ్బాయ్, ఏంటి బాధ?" అన్నారు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చినంత పనైంది. అరుగు మీద కూలబడి అంతా చెప్పాను. గ్యాసు సంగతి, నాన్న షరతు, మావయ్య కొట్టు, ఏదీ దాచలేదు. ఆయన అంతా విని, "నువ్వు చెప్పింది నీ బాధ. డ్రమ్ము బాధ ఏంటో దాన్ని చూస్తే గాని చెప్పలేను" అని లేచి, లోపలికి వెళ్ళి చేతిసంచీతో వచ్చారు.

పెద్దాపురంలో ఆయన నా డ్రమ్ముల్ని పరీక్షించిన తీరు చూసి తీరాలి. ముందు వాసన చూశారు. తర్వాత గ్లాసులో పోసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. చివరికి చెంచాడు నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నారు. నేను పేషెంటు తాలూకు మనిషిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను. "పాడవలేదురా. నీరసించింది. తీపెక్కువ, పులుపు తక్కువ, ఊపిరి అసలు లేదు" అన్నారు. "బతుకుతుందా బాబాయ్?" అన్నాను. "ఇది ఒంటరిగా నిలబడలేదు. తోడు కావాలి" అని సంచీ విప్పారు. అందులోంచి గీతలున్న ఔన్సు గ్లాసు, చిన్న కల్వం, గరాటు, చిన్న కత్తెర వచ్చాయి. నిమ్మకాయలు, అల్లం, పుదీనా, వేయించిన జీలకర్ర, నల్లుప్పు, సబ్జా గింజలు, సుగంధి షర్బతు తెమ్మని నన్ను బజారుకి తరిమారు. ఊపిరి సంగతి పక్కనే ఉన్న సోడాబండి చూసుకుంది. ఆ బండాయన గోలీసోడాలన్నీ ఆ రెండు రోజులూ మాకే కొట్టాడు.

ఆ సాయంత్రమంతా ఆయన కలుపుతూనే ఉన్నారు, నేను తాగుతూనే ఉన్నాను. అల్లంరసం ఒక చుక్క ఎక్కువైతే పారబోయించారు. జీలకర్ర ముందు వేస్తే ఒక రుచి, తర్వాత వేస్తే ఒక రుచి అని ఆయన చెబితే నేను నమ్మలేదు. తాగించి నమ్మించారు. సోడా మాత్రం అన్నింటికంటే చివర, గ్లాసు అంచు వెంబడి, చెంచా పెట్టకుండా పొయ్యాలి. "ఊపిరి పోసేటప్పుడు కంగారు పడకూడదురా" అనేవారు. చీకటి పడేసరికి మూడు రకాలు తేలాయి. ఆపిల్‌లో అల్లం, నిమ్మ, నల్లుప్పు కలిపింది ఒకటో నంబరు, తిండి ఎక్కువైన వాళ్ళకి. పైనాపిల్‌లో పుదీనా, జీలకర్ర కలిపింది రెండో నంబరు, ఎండన పడి వచ్చినవాళ్ళకి. రెండు రుచులూ సగం సగం పోసి సుగంధి, సబ్జా వేసింది మూడో నంబరు. అదెవరికి అని అడిగితే ఆయన ఇబ్బందిగా, "రుచికి" అన్నారు. అలాంటి మందు ఆయన సర్వీసులో ఎప్పుడూ కలపలేదు. నేను మాత్రం అట్టముక్క మీద ఎర్రసిరాతో 'ఫ్రూట్ బీర్ కాక్‌టెయిల్స్' అని రాసి వేలాడదీశాను. సినిమాల్లో తప్ప చూడని ఆ మాట నా స్టాలు మీద కనబడేసరికి ప్రొప్రయిటర్‌గా నా గుండె ఉప్పొంగింది.

ఆదివారం వాన లేదు. ఎండ, దానికి తోడు ఉక్క. జాతరకొచ్చిన జనం మొక్కులు చెల్లించుకుని, బంధువుల ఇళ్ళలో కోడికూర, వేటకూర కంఠం దాకా తిని రోడ్డు మీదకి వస్తున్నారు. మా స్టాలు ముందు మాత్రం ఎవరూ ఆగడం లేదు. ఇంతలో పట్టు కండువా వేసుకున్న ఒక మోతుబరి ఆయాసపడుతూ మా ముందు నించి వెళ్ళబోయాడు. "ఏంటండీ బాధ? గుండెల మీద బరువుగా ఉందాండీ?" అన్నారు బాబాయి. ఆయన ఆగిపోయి, "ఆయ్, ఉందండి. మీకెలా తెలిసిందండీ?" అన్నాడు. "పంచె ముడి బాగా వదులు చేసుకున్నారు కదండీ. ఎన్ని గారెలు తిన్నారు?" ఆయన వేళ్ళు లెక్కపెట్టుకుని, "గారెలే చెప్పమంటారా, కోడి కూడా చెప్పమంటారా?" అన్నాడు. బాబాయి ఒకటో నంబరు కలిపి ఇచ్చారు. ఆయన తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఆకాశం వైపు చూస్తూ ఒక నిమిషం అలాగే నిలబడ్డాడు. తర్వాత వచ్చింది త్రేన్పు. అమ్మవారి గరగలు నెత్తిన పెట్టుకుని ఆడే గరగలవాళ్ళ డప్పుల్ని దాటి అది రోడ్డు అవతలికి వినబడింది. డప్పు కొట్టేవాడు కూడా ఒక్క క్షణం చెయ్యి ఆపి ఇటు చూశాడు. "అమ్మయ్య!" అన్నాడు మోతుబరి. నేను రాసిన బోర్డు చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది.

అరగంటలో క్యూ కట్టారు. బాబాయికి మాత్రం బాధ అడగందే గ్లాసులో చుక్క పోయడం చేతకాదు. "ఏంటండీ బాధ?" "కాళ్ళు పీకుతున్నాయండి." "దానికి ఇక్కడేం లేదండి, కాసేపు ఆ బల్ల మీద కూర్చోండి" అని వచ్చిన బేరాన్ని కూర్చోబెట్టేవారు. నేను వెనకనించి చొక్కా లాగేవాణ్ణి. నా వయసు కుర్రాడొకడు నల్లకళ్ళజోడు పెట్టుకుని వచ్చి, "నాకే బాధా లేదండి" అన్నాడు. "మరెందుకొచ్చారండీ?" అన్నారు బాబాయి అమాయకంగా. నాకు ప్రాణం పోయింది. ఆయన ఆ కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, "బాధ లేకపోవడం కూడా ఈ వయసులో ఒక జబ్బేలెండి" అని మూడో నంబరు కలిపి ఇచ్చారు. వాడు ఇంకో నలుగురు ఆరోగ్యవంతుల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు.

మధ్యాహ్నానికి జనం సీసాలు తేవడం మొదలుపెట్టారు. ప్రభుత్వాసుపత్రికి వెళ్ళేటప్పుడు ఎవరి సీసా వాళ్ళు పట్టుకెళ్ళడం మా వైపు అలవాటు. ముప్పై ఏళ్ళు అదే చెయ్యి సీసాలు నింపడం చూసిన మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి ఇక్కడ కూడా సీసా లేకుండా రావడం మర్యాద కాదనిపించినట్టుంది. బాబాయి ప్రతి సీసానీ వాసన చూసి, "కడిగి తీసుకురండి" అని సగం మందిని కుళాయికి పంపించేవారు. తర్వాత కాగితం కత్తిరించి, మోతాదుకో గంటు పెట్టి, అన్నం మెతుకుతో సీసాకి అంటించేవారు. నేనూ ఏదో ఒకటి చెయ్యాలిగా. చిన్నప్పుడు మందు సీసాల మీద చదివింది గుర్తొచ్చి, ప్రతి కాగితం మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో 'తాగబోవు ముందు బాగుగా కుదపవలెను' అని రాశాను. లోపల గోలీసోడా ఉన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. డిగ్రీలో నాది కెమిస్ట్రీ అని ఇక్కడ ఒప్పుకోవాలి.

మొదటి కబురు సామర్లకోట బస్సులోంచి వచ్చింది. ఒక పెద్దాయన తడిసిన చొక్కాతో, జుట్టులో సబ్జా గింజలతో తిరిగొచ్చాడు. నేను బల్ల కిందకి దూరే ఏర్పాటులో ఉన్నాను. "ఏవండీ, మీరు రాసినట్టే బాగా కుదిపానండి. మూత ఎగిరి డ్రైవరు గారి దాకా వెళ్ళిందండి" అన్నాడు. బాబాయి నా వైపు ఒక్క చూపు చూశారు. "సగం బస్సు మీదే పోయిందండి. తడిసినవాళ్ళందరూ వాసన చూసి ఇదెక్కడ దొరుకుతుందని అడుగుతున్నారండి. మళ్ళీ నింపుతారా?" అన్నాడాయన సీసా చాపి. ఆ మర్యాదకి నేను కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాను. మిగతా కాగితాల మీద 'కుదపరాదు' అని దిద్దుకుంటూ కూర్చున్నాను.

మూడు గంటలకి రెండు డ్రమ్ములు పూర్తిగా ఖాళీ, మూడోది సగానికి వచ్చింది. క్యూ రోడ్డు మలుపు దాకా ఉంది. ఇదే ఊపు సాగితే ఆ సాయంత్రానికే నాలుగూ అయిపోతాయి. నాన్న ముందు ఎలా నిలబడాలో, ఏమనాలో మనసులో మాటలు కూడా పేర్చుకున్నాను. అప్పుడొచ్చింది ఒక ముసలావిడ, కొంగులో చుట్టిన సీసాతో. "ఏంటమ్మా బాధ?" అన్నారు బాబాయి. "నాకు కాదు బాబూ, మా ముసలాయనకి. మూడ్రోజుల్నించి జొరం. పొద్దుట్నించీ పిలిస్తే పలకడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్దామనుకుంటుంటే, కాంపౌండరు గారు జాతరలోనే మందు పోస్తున్నారని చెప్పారు. అమ్మవారే పంపిందనుకుని వచ్చాను" అంది. సీసా తళతళలాడుతోంది. బాబాయి అడగకముందే కడిగి తెచ్చింది.

బాబాయి చేతిలో ఔన్సు గ్లాసు అలాగే ఆగిపోయింది. ఆవిణ్ణి చూశారు, ఆవిడ వెనకున్న క్యూని చూశారు, వాళ్ళ చేతుల్లో ఉన్న సీసాలు చూశారు. "ఇది మందు కాదమ్మా, షర్బతు" అన్నారు. "మీ చేత్తో ఏదిచ్చినా మందే బాబూ" అందావిడ. ఆయన మొహం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళజోడు తీసి, గొంతు పెంచి, "ఏవండీ, అందరూ వినండి. ఇది మందు కాదండి. దాహానికి తాగండి, రుచికి తాగండి, తప్పు లేదు. ఒంట్లో బాగోకపోతే మాత్రం ఆసుపత్రికే వెళ్ళండి. బాధేంటని అడిగి పొయ్యడం నాదే తప్పు" అని చేతులు జోడించారు. ఔన్సు గ్లాసు తుడిచి సంచీలో వేసుకుని, "పదమ్మా, ఇల్లెక్కడ?" అని ఆటో కోసం రోడ్డు మీదకి వెళ్ళిపోయారు.

నేను వెనకే పరిగెత్తాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ముసలాయన జొరం పట్టలేదు, నాలుగో డ్రమ్మే కనబడింది. "బాబాయ్, ఆటోలో వేరే ఎవరినైనా పంపిద్దాం. రెండు గంటలు ఉండు చాలు. పోనీ, నువ్వు వెళ్ళు, నేను కలుపుతాను" అన్నాను. ఆయన ఆటోలో కూర్చుని, కోప్పడకుండా, "కలపడం నువ్వూ కలుపుతావురా. అడగడం ఎవరడుగుతారు?" అన్నారు. ఆటో వెళ్ళిపోయింది.

పౌరుషం కొద్దీ వచ్చి కలపడానికి కూర్చున్నాను. క్యూలో సగం మంది అప్పటికే జారుకున్నారు. ఒకావిడ చంకలో పిల్లాణ్ణి వేసుకుని ముందుకొచ్చింది. "వీడు పొద్దుట్నించీ ఏం తినడం లేదండి. ఏ నంబరు పొయ్యమంటారు?" అంది. పిల్లాడు నా వైపే చూస్తున్నాడు. గ్లాసు నా చేతిలో ఉంది, సోడా పక్కనే ఉంది. ఎక్కడైనా నొప్పా, జ్వరమా, కొత్త చోటని బెంగా? ఏం అడగాలో కూడా నాకు తెలియదని అప్పుడు తెలిసింది. "ఏ నంబరూ వద్దండీ, ఒకసారి ఆసుపత్రిలో చూపించండి" అని పరదా దించేశాను.

ఆసుపత్రికి వెళ్ళేసరికి బాబాయి వరండా బెంచీ మీద టీ తాగుతూ ఉన్నారు. లోపల ముసలాయనకి సెలైన్ ఎక్కుతోంది. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు గారు అన్నారట. ముసలావిడ ఆ ఖాళీ సీసాని ఇంకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. "ఎంత మిగిలిందిరా?" అన్నారు బాబాయి. "ఒకటిన్నర డ్రమ్ము." "రేపు బోర్డు మార్చు. 'దాహానికి మాత్రమే' అని రాయి" అన్నారు. అలాగే రాశాను. సోమవారం బాబాయి బల్ల దగ్గర కూర్చుని నోరు గట్టిగా మూసుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా పోశారు. అలవాటు కొద్దీ "ఏంటండీ బా..." అని మొదలుపెట్టి, "దాహమాండీ?" అని సర్దుకునేవారు. అడగనప్పుడు ఎవరు ఎగబడి తాగుతారు? సాయంత్రానికి నాలుగో డ్రమ్ము అడుగున రెండు బిందెలంత మిగిలే ఉంది. సోడాబండి ఆయనకీ, గరగలవాళ్ళకీ తలా ఒక గ్లాసు ఇచ్చినా తరగలేదు.

డీలరు మనిషి మిషను విప్పుతుంటే నేను బల్ల మీద కూర్చున్నాను. బాబాయి సంచీలోంచి ఔన్సు గ్లాసు తీసి, ముందురోజు మధ్యాహ్నం తర్వాత మొదటిసారి తన పాత గొంతుతో, "ఏంటిరా బాధ?" అన్నారు. "ఎరువుల కొట్టు" అన్నాను. ఆయన అన్నీ కొలిచి, సోడా గ్లాసు అంచు వెంబడి మెల్లగా పోసి, మూడో నంబరు నా చేతికిచ్చారు. "దానికి నా దగ్గర మందు లేదురా. దాహం మాత్రం తీరుతుంది, తాగు" అన్నారు. నా జన్మలో అంత రుచైన పానీయం మళ్ళీ తాగలేదు.

మర్నాడు పొద్దున్నే మావయ్య కొట్లో కూర్చున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది, ఇంకా అక్కడే కూర్చున్నాను. మావయ్య పోయాక కొట్టు నాదే అయింది, అంటే నిజంగానే ప్రొప్రయిటర్నయ్యాను. ఆ వాసన ఏ రోజున తెలియడం మానేసిందో గుర్తులేదు. బాబాయి కూడా లేరు. పోయే ముందు ఆ ఔన్సు గ్లాసు నాకిచ్చి, పురుగుమందులకి మాత్రం దూరంగా పెట్టమన్నారు. ఇంట్లో దేవుడి గూటి పక్కన పెట్టుకున్నాను. బాగా ఎండగా ఉన్న రోజున అందులో అల్లంరసం కొలుచుకుని గోలీసోడా పోసుకుంటాను. కుదపను.

మొన్న ఒక కుర్ర రైతు వచ్చి, పక్కూరివాళ్ళు కొట్టిన మందే తనకీ రెండు డబ్బాలు ఇమ్మన్నాడు. "ఏంటండీ బాధ? ఆకు తెచ్చారా?" అన్నాను. తేలేదన్నాడు. "చూడకుండా ఇవ్వలేనండి, చేనుకెళ్ళి ఒక దుబ్బు పీక్కురండి" అన్నాను. "డబ్బులిస్తానంటే డబ్బా ఇవ్వనంటారేంటండీ!" అని విసుక్కుంటూ బండెక్కాడు. కొట్లో పనిచేసే మనిషి వెనకనించి నా చొక్కా లాగుతూనే ఉన్నాడు. గంట తర్వాత ఆ కుర్రాడు మట్టి వేళ్ళతో సహా దుబ్బు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. కళ్ళజోడు పెట్టుకుని, ఆకు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాను. తెగులేమీ లేదు. "దీనికి మందక్కర్లేదండి, కాస్త నీళ్ళు పెట్టండి" అని పంపించేశాను.